రెండు చట్టాలు, ఒక బ్రేకు బిల్లు

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఎ అనే సెక్షన్ వచ్చి చేరింది. లోపమున్న వాహనాలను కంపెనీ వెనక్కి పిలిపించాలని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చిన సెక్షన్ అది. అమెరికాలో ఆ పని 1966 నాటి వాహన భద్రతా చట్టం చేస్తోంది. 2000లో దానికి ఇంకొన్ని కోరలు మొలిచాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడానికి హైదరాబాద్‌లోని శ్రీనగర్ కాలనీ అనువైన చోటు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన ఇళ్లు ఇక్కడ బోలెడు. తండ్రి కారు పంజాగుట్ట ట్రాఫిక్‌లో బ్రేకులు అరగదీసుకుంటుంది, కొడుకు కారు అక్కడి ఫ్రీవే మీద. ప్యాడ్లు అరగాల్సిన సమయం కంటే చాలా ముందే అరిగిపోయాయనుకుందాం. తప్పు నడిపినవాడిది కాదు, తయారీదే అని ఏడాది తరవాత తేలిందనుకుందాం. ఈలోగా జేబులోంచి కట్టేసిన బిల్లు సంగతేమిటి? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రెండు చట్టాల స్వభావమూ బయటపడుతుంది.

ముందు ఆ వస్తువును దగ్గరగా చూడాలి. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాల్సిందే. చాలా ప్యాడ్లకు అంచున సన్నటి ఉక్కు రేకు ఒకటి ఉంటుంది. పదార్థం అరిగేకొద్దీ ఆ రేకు డిస్కును తాకి కీచుమంటుంది. ఆ కూతను పట్టించుకోకపోతే వెనకున్న ఇనప పలక నేరుగా డిస్కును కోయడం మొదలుపెడుతుంది. కృష్ణానగర్‌లోనో ఎల్లారెడ్డిగూడలోనో ఏ షెడ్డులోనైనా చక్రం విప్పి, కాలిపర్ పక్కకు తప్పించి, అలాంటి డిస్కు మీద వేలు పెట్టి చూడండి. గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు గాళ్లు తగులుతాయి. డిస్కుకు కనీసం ఎంత మందం ఉండాలో దాని మీదే అచ్చుగుద్ది ఉంటుంది. అంతకంటే తగ్గితే లేత్ మీద చదును చేసినా లాభం లేదు, డిస్కు కూడా మార్చాలి. బిల్లు రెట్టింపు దాటేది అక్కడే.

షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ చెప్పే మాట ఒకటే: ‘మీరు బ్రేకు మీద కాలు పెట్టి నడుపుతున్నారు సార్.’ అది చాలాసార్లు నిజమే. ఫిల్మ్‌నగర్ నుంచి కిందికి దిగే వాలు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరి ఎత్తుపల్లాలు, శ్రీనగర్ కాలనీ మెయిన్ రోడ్డు మీద సాయంత్రం పూట అడుగడుగునా ఆగి కదిలే వరస, ఇవన్నీ బ్రేకులను తినేవే. ఆటోమేటిక్ కారైతే కాలు తీయగానే ముందుకు పాకుతుంది కాబట్టి కాలు తీయడానికి ఉండదు. కానీ ప్యాడ్ అరుగుదలకు కారణాలు డ్రైవరూ రోడ్డూ మాత్రమే కాదు. ప్యాడ్‌లో ఏ పదార్థం వాడారు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేకు బలాన్ని ఏ పాళ్లలో పంచారు అన్నవి పూర్తిగా కంపెనీ చేతిలో ఉన్న నిర్ణయాలు. ఒక్క కారును చూసి ఎవరి వాటా ఎంతో తేల్చలేం. లక్ష కార్లు చూస్తే తేల్చవచ్చు. ఒంటరి యజమాని ఎప్పటికీ గెలవలేని వాదన ఇది. అందుకే ఇక్కడ చట్టం అవసరం పడింది.

అమెరికాలో ఇది నిజంగానే జరిగింది. మన తెలుగు కుర్రాళ్లు అక్కడ ఉద్యోగం రాగానే కొనే కార్ల వరసలో ముందుండే హోండా అకార్డ్ విషయంలోనే. 2008 మోడల్‌తో ఆ కారు కొత్త రూపంలోకి వచ్చింది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి మామూలుగా ముందు ప్యాడ్లే తొందరగా అరగాలి. ఈ కారులో వెనకవి ముందు అయిపోయాయి. 15 వేలు, 20 వేల మైళ్లకే, అంటే మన లెక్కలో పాతిక ముప్పై వేల కిలోమీటర్లకే, వెనక ప్యాడ్లు మార్చాల్సి వచ్చిందని యజమానులు మొత్తుకున్నారు. డీలర్లు చెప్పిన సమాధానం మన సర్వీస్ అడ్వైజర్ చెప్పేదే. ప్యాడ్లు అరిగే వస్తువులు, వారంటీ వర్తించదు.

అక్కడి వాహన భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దీనికి రీకాల్ ప్రకటించలేదు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఏది భద్రతా లోపం, ఏది కాదు అని ఆ సంస్థ వాహన యజమానులకు ఇచ్చే వివరణలో మామూలు అరుగుదలను భద్రతా లోపం కింద లెక్కించబోమని స్పష్టంగా ఉంది. ఉదాహరణలుగా షాక్ అబ్జార్బర్లు, బ్యాటరీలతో పాటు బ్రేకు ప్యాడ్లనూ షూలనూ పేరు పెట్టి చెప్పింది. అమెరికా రీకాల్ చట్టాన్ని ఆకాశానికెత్తేవాళ్లు ఈ భాగం చదవరు.

ఆ తలుపు మూసుకుంటే అక్కడి జనం ఇంకో తలుపు తట్టారు. 2009లో లాస్ ఏంజిలిస్ ఫెడరల్ కోర్టులో యజమానులందరి తరఫున ఒకే దావా పడింది. 2010 జులైలో కోర్టు రాజీని ఆమోదించింది. 2008 నుంచి 2010 దాకా మోడల్ అకార్డ్‌లు, అదే కంపెనీ 2009, 2010 మోడల్ అక్యూరా టీఎస్ఎక్స్‌లు కలిపి సుమారు 7 లక్షల 40 వేల మంది యజమానులు ఆ దావా పరిధిలోకి వచ్చారు. వెనక ప్యాడ్లు మార్చుకోవడానికి అప్పటికే పెట్టిన ఖర్చులో సగం, గరిష్ఠంగా 150 డాలర్ల దాకా, కంపెనీ తిరిగి ఇవ్వాలన్నది ఒప్పందం. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ ఒప్పుకున్న సగం అది. ఈలోగా కొత్త రకం వెనక ప్యాడ్లు కూడా వచ్చాయి.

సగమే ఎందుకు? మిగతా సగానికి యజమాని ఏ పాపం చేశాడు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దరఖాస్తు నింపాలి, రసీదు పెట్టాలి, గడువులోగా పంపాలి. ఇవన్నీ చేసే ఓపిక లేక ఊరుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అయినా ఆ రాజీలో నాకు గౌరవం కలిగించే అంశం ఒకటుంది. అది వెనక్కి చూసింది. ఇకమీదట ఏం చేస్తామన్న దగ్గర ఆగకుండా, నిన్న నీ జేబులోంచి పోయినదానికి నేడు లెక్క చెబుతామంది.

వెనక్కి చూసే ఈ గుణం అక్కడి రీకాల్ చట్టంలోనూ ఉంది. ఫైర్‌స్టోన్ టైర్లు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్ల ప్రమాదాలు దేశాన్ని కుదిపేశాక 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం ఆ మార్పు తెచ్చింది. రీకాల్ ప్రకటించకముందే యజమాని సొంత డబ్బుతో ఆ లోపాన్ని బాగు చేయించుకుని ఉంటే, ఆ ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు కంపెనీ చేయాలి. ఎప్పటినుంచి చేయించుకున్న రిపేరు లెక్కలోకి వస్తుందో కూడా నిబంధనల్లో రాశారు. లోపం గురించి కంపెనీ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన రోజుకు ఏడాది ముందు, లేదా ప్రభుత్వం లోతైన ఇంజినీరింగ్ పరిశీలన మొదలుపెట్టిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అక్కడినుంచి. దరఖాస్తు అందిన 60 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. బిల్లు డీలరు దగ్గరిదే అయి ఉండాలనే షరతు లేదు. వీధి చివరి గ్యారేజీలో చేయించుకున్నా రసీదు ఉంటే చాలు. ఈ చట్టం రాసినవాళ్లకు కారు వాడే మనిషి ఎలా బతుకుతాడో తెలుసు. లోపం బయటపడే నాటికి జాగ్రత్తపరుడు అప్పటికే ఖర్చు పెట్టుకుని ఉంటాడని, జాగ్రత్త తీసుకున్నందుకు అతను నష్టపోకూడదని వాళ్లు ఆలోచించారు.

ఇప్పుడు మన 110ఎ సెక్షన్ తెరుద్దాం. మొదటిసారి చదివినప్పుడు ఇది అమెరికా చట్టం కంటే ధీమాగా కనిపిస్తుంది. రీకాల్ ఆదేశం వస్తే కంపెనీ కొనుగోలుదారుకు కారు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి. లేదా అలాంటిదో అంతకంటే మెరుగైనదో ఇంకో కారు ఇవ్వాలి, లేదా బాగు చేయాలి. జరిమానా అదనం. లోపం ఉన్నది ఒక విడిభాగంలో అయితే ఆ భాగం వాడిన కార్లన్నింటినీ, మోడల్ ఏదైనా సరే, వెనక్కి పిలిపించే అధికారం కూడా కేంద్రానికి ఉంది. ఈ రెండో అంశం నిజంగా గొప్పది. ఒకే తయారీదారు నుంచి బ్రేకు భాగాలు కొని నాలుగు కంపెనీలు వాడుకునే పరిశ్రమలో ఇలాంటి నిబంధన ఎంతో ముందుచూపుతో రాసినది.

ఇంత ధీమాగా రాసిన సెక్షన్‌లో మన బ్రేకు బిల్లుకు చోటు లేదు. కారు మొత్తం ధర వాపసు ఇమ్మన్న చట్టం, అదే లోపానికి నిరుడు మీరు కట్టిన నాలుగంకెల బిల్లు గురించి ఒక్క ముక్క అనలేదు. బాగుచేయడం అంటే ఇక ముందు బాగుచేయడమే. అప్పటికే బాగు చేయించుకున్నవాడి కారులో లోపమే లేదు కాబట్టి అతనికి ఇవ్వాల్సింది కూడా ఏమీ లేదన్నట్టు వాక్యం ముగుస్తుంది. కీచుమన్న రోజే షెడ్డుకు వెళ్లినవాడు నష్టపోతాడు. పట్టించుకోకుండా తిరిగినవాడికి కొత్త భాగం ఉచితంగా వస్తుంది. భద్రత కోసం రాసిన చట్టం ఇలాంటి ఫలితం ఇవ్వకూడదు. 110ఎ మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే.

దాని కింద 2021 మార్చిలో వచ్చి, ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు ఇంకొన్ని గిరులు గీశాయి. వాహనం వయసు ఏడేళ్లలోపే ఉండాలి. అమెరికాలో ఉచిత మరమ్మతు హక్కు అంతకుముందు పదేళ్లు ఉండేది, 2015 చట్టంతో పదిహేనేళ్లయింది. కారును పదేళ్లు దాటి వాడుకునే మన మధ్యతరగతికి ఏడేళ్ల గిరి కష్టం కలిగిస్తుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాడికైతే మరీ. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు. పెద్ద కంపెనీలకు అది ఏ మూలకు?

యజమానుల ఫిర్యాదుల ఆధారంగా రీకాల్ ఆదేశం రావాలంటే, అమ్ముడైన కార్లలో కేంద్రం నిర్ణయించిన శాతం మేరకు ఫిర్యాదులు రావాలి. పరీక్షా సంస్థ చెప్పినా, ఇతర ఆధారం దొరికినా చర్య తీసుకోవచ్చన్న వెసులుబాటు సెక్షన్‌లోనే ఉంది, అది మంచిది. కానీ లెక్క మీద నడిచే దారికి లెక్క పక్కాగా ఉండాలి. తెలంగాణ రవాణా శాఖ కేంద్ర ‘వాహన్’ వ్యవస్థలో చేరకుండా చాలా ఏళ్లు సొంత వ్యవస్థతోనే నడిచింది. ఆ ఏళ్లలో డీలర్ల సమాఖ్య నెలనెలా విడుదల చేసిన దేశవ్యాప్త అమ్మకాల లెక్కల్లో తెలంగాణ కనిపించకపోవడానికి అదే కారణం. హైదరాబాద్‌లాంటి కార్ల నగరం జాతీయ లెక్కకు అవతల ఉండిపోవడం మనలాంటి యజమానులకు మేలు చేసిన సంగతి కాదు.

మన దగ్గర బ్రేకులకు రీకాళ్లు జరగలేదా అంటే, జరిగాయి. 2012లో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చాక కంపెనీలు తమంతట తామే ప్రకటించడం అలవాటైంది. 2018 మేలో మారుతీ సుజుకీ స్విఫ్ట్, బాలెనో కార్లు 52,686 వెనక్కి పిలిపించి బ్రేకు వ్యాక్యూమ్ గొట్టం తనిఖీ చేసింది. 2022 అక్టోబర్‌లో వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లు 9,925 పిలిపించింది. వెనక బ్రేకు అసెంబ్లీలోని పిన్ను విరిగే అవకాశం ఉందని కారణం చెప్పింది. ఈ రెండో విడత కార్లు అదే ఏడాది ఆగస్టు 3కూ సెప్టెంబర్ 1కీ మధ్య తయారైనవి. అంటే రోడ్డెక్కి మూడు నెలలు కూడా నిండకముందే కంపెనీ పట్టుకుంది. మెచ్చుకోవాల్సిన విషయమే.

కానీ ఈ రీకాళ్లలో ఒక పోలిక కనిపిస్తుంది. రెండూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫ్యాక్టరీలో జరిగిన పొరపాట్లు. ఎన్ని కార్లో లెక్క తెలుసు, ఖర్చు ఎంతో తెలుసు, పిలవడం సులువు. అకార్డ్ కథ అలాంటిది కాదు. ఒక నెల తయారీ కాదు, ఆ రూపకల్పన మీదే ఆరోపణ. మూడేళ్ల మోడళ్లు దాని కిందికి వచ్చాయి. ఇలాంటి లోపం ఒక్కరోజులో బయటపడదు. ఒక్కొక్క యజమాని జేబులోంచి ఒక్కొక్క బిల్లుగా మెల్లగా బయటికొస్తుంది. కంపెనీ స్వచ్ఛందంగా పిలవడానికి ఇష్టపడని లోపం ఇదే, యజమాని అప్పటికే డబ్బు కట్టేసి ఉండేదీ ఇందులోనే. తనంతట తాను చెప్పుకున్న కంపెనీకి 110ఎ కింద జరిమానా ఉండదు. నిజాయతీకి ఆ మినహాయింపు ఇవ్వాల్సిందే. అయితే ఆ మినహాయింపు యజమాని పాత ఖర్చుకు కూడా వర్తించినట్టు కావడం అన్యాయం.

ఇంకో తేడా కాగితాలది. ఒక భాగం తరచూ పాడవుతోందని తెలిస్తే కంపెనీ తన డీలర్లకు సాంకేతిక సూచన పంపుతుంది. అమెరికాలో అలాంటి సూచనలను ప్రభుత్వానికి ఇవ్వాలి. 2012 చట్టం తరవాత వాటిని జనానికి కనిపించేలా పెట్టాలి. యజమాని ఆ కాగితం చేతపట్టుకుని డీలరు ముందు నిలబడగలడు. ఇక్కడ ఆ సూచన డీలరు కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. గట్టిగా అరిచినవాడికి ‘గుడ్‌విల్’ కింద భాగం ఉచితంగా మారుస్తారు, మర్యాదగా అడిగినవాడు బిల్లు కట్టి వెళ్తాడు.

పోనీ మనకూ రెండో తలుపు ఉందా? ఉంది. నిజానికి అక్కడే మన చట్టాలు అమెరికాతో దీటుగా నిలబడతాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఒకే ప్రయోజనమున్న వినియోగదారుల తరఫున కొందరు, కమిషన్ అనుమతితో, ఉమ్మడి ఫిర్యాదు వేయవచ్చు. మీరు కారు కొన్న ఊళ్లో కాకుండా మీరు ఉంటున్న చోటే వేయవచ్చు. వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వస్తువులో లోపం తేలాలంటే పరీక్షశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించి, ధర వాపసు ఇప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో యజమానికి పరిహారంతో పాటు కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని 2022లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఒంటరిగా వెళ్లినా గెలవవచ్చని ఆ తీర్పు చెబుతోంది. కానీ అది ప్రాణాల మీదికి వచ్చిన కేసు. ఎనిమిది వేల రూపాయల ప్యాడ్ల కోసం ఒక్క మనిషి రెండేళ్లు తిరగడు. అలాంటివాళ్లు వెయ్యిమంది కలిసి రావాలి. ఉమ్మడి ఫిర్యాదు సెక్షన్ ఉన్నది అందుకే. మనవాళ్లు దాన్ని ఫ్లాట్ల గొడవల్లో వాడుకున్నంతగా కార్ల విషయంలో వాడుకోలేదు.

ఒకవేళ వాడుకోవాలన్నా మన దగ్గర లేనిది రుజువు. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి గ్యారేజీలకు ఒరిజినల్ విడిభాగాలు, మరమ్మతు సమాచారం దొరకకుండా చేశారన్నది అభియోగం. తరవాత అది అప్పీళ్లలో నలిగింది. కానీ కమిషన్ చెప్పిన విషయం శ్రీనగర్ కాలనీ వాసులకు రోజూ కనబడేదే. షోరూమ్ ధర భరించలేక షెడ్డుకు వెళ్తాం. షెడ్డులో దొరికేది ఏ కంపెనీ ప్యాడో తెలియదు, ఇచ్చేది తెల్లకాగితం మీద మొత్తం, లేదంటే అది కూడా ఉండదు. అమెరికాలో బయటి గ్యారేజీ రసీదు కూడా హక్కుగా మారుతుంది. ఇక్కడేమో బిల్లు ఉంటే జీఎస్టీ కట్టాలని, లేకపోతే తక్కువకు అవుతుందని మెకానిక్కూ మనమూ మాట్లాడుకుని రుజువును మనమే చెరిపేస్తున్నాం.

నా తీర్పు ఇది. భాషలో మన 110ఎ పెద్దది, మేలులో అమెరికా నిబంధన పెద్దది. అది ప్యాడ్ల అరుగుదలను రీకాల్ పరిధిలోకి రానివ్వకపోవడం లోపమే. అయినా రీకాల్ వచ్చిన చోట యజమాని పాత ఖర్చును గుర్తించింది. మనది కారు ధర దాకా వెళ్లి, బిల్లు దగ్గర ఆగిపోయింది. దీన్ని సరిదిద్దడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. రీకాల్‌కు నిబంధనలు రాసుకునే అధికారం 110ఎ సెక్షనే కేంద్రానికి ఇచ్చింది. రీకాల్ ప్రకటనకు ముందు ఏడాదిలో అదే లోపానికి రసీదుతో చేయించుకున్న మరమ్మతు ఖర్చును కంపెనీ 60 రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఒక్క నిబంధన చేర్చాలి. ఏడేళ్ల పరిమితిని కనీసం పదికి పెంచాలి. డీలర్లకు పంపే సాంకేతిక సూచనలు అందరికీ కనిపించాలి.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. సర్వీసుకు ఇచ్చినప్పుడు నాలుగు చక్రాల ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో జాబ్ కార్డు మీద రాయించుకోండి. తీసేసిన ప్యాడ్లు చూపించమనండి, ఫోటో తీసుకోండి. షెడ్డులో చేయించినా బండి నంబరు, కిలోమీటర్లు, ప్యాడ్ కంపెనీ పేరుతో పక్కా బిల్లు అడగండి. వెనక ప్యాడ్లు ముందువాటికంటే ముందే అయిపోతే అది మీ కాలి తప్పేనని వెంటనే ఒప్పుకోకండి. అదే మోడల్ ఉన్న పక్కింటివాళ్లను అడగండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.